దీపాలు పెట్టాక ఉప్పు

సింగిల్టన్ వంతెన కింద
నదికి నంబర్లు వేస్తారు.
ఇవాళ ఇక్కడ దాటే నీరు ఒక దిమ్మ,
రేపటిది ఇంకో దిమ్మ.
ఎగువన మస్వెల్‌బ్రూక్ దగ్గర ఇంకా నడుస్తున్న నీటికి
పుట్టకముందే పేరు పెట్టినట్టు
ఇక్కడికి చేరే తేదీయే పేరు.
హంటర్ నదికి ఈ సంగతి తెలీదు.
తను ఒక్కతే అనుకుంటూ వస్తుంది.

నాది ఉప్పు లెక్క.
నీళ్లలో దింపిన కడ్డీ
కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తే అంత ఉప్పు.
తొమ్మిది వందలు దాటకూడదు.
నది సన్నబడి రాళ్ల మధ్య పాకే రోజుల్లో
ఎవ్వరూ ఒక్క చుక్క వదలకూడదు.
వాన పడి ఒడ్లు ఒరుసుకుంటూ వచ్చినప్పుడు మాత్రం
గనులవాళ్లు,
బొగ్గు తవ్వితే ఊరిన ఉప్పునీళ్లను
నెలల తరబడి గుంటల్లో బిగబట్టి ఉన్నవాళ్లు,
గేట్లు ఎత్తుతారు, తలా ఇంత,
చేతిలో ఉన్న క్రెడిట్ల కొద్దీ.
మొత్తం వెయ్యి క్రెడిట్లు.
నది ఓర్చుకోగలిగినదాన్ని వెయ్యి ముక్కలు చేసి
వేలం పాడారన్నమాట.

మొన్న మంగళవారం
మెరివా వైపు కొండల మీద ఒకటే వాన.
రాత్రి తొమ్మిదింటికి ఫోను.
కిరలీ డన్‌స్టన్, ఒక గనిలో నీళ్ల అధికారి.
"గుంట గట్టు దాకా వచ్చేసింది. నా క్రెడిట్లు చాలవు.
పక్క గనివాళ్లు పన్నెండు ఇస్తామంటున్నారు,
ఈ ఒక్క దిమ్మకే. రాసేస్తావా?"

మూడు క్లిక్కుల పని.
వేలు ఆగింది.

మాది నౌపడ.
ఉప్పు కొఠార్ల మధ్య పుట్టినదాన్ని.
ఎండాకాలం మా వీధి తెల్లగా మెరిసేది,
నాన్న మోకాళ్ల కింద ఏడాదంతా పొలుసులు లేచేవి.
అంత ఉప్పున్న ఊళ్లో కూడా
దీపాలు పెట్టాక ఎవరూ ఉప్పు అప్పివ్వరు.
ఆ మాటే పలకరు.
పగలైనా సరే చేతికివ్వరు, గోడ మీద పెడతారు,
అవతలివాళ్లు తీసుకుంటారు.
చేతికిస్తే తగువట.
రెండు మాటలకీ తేడా ఒక్క అక్షరమే,
అందుకే భయమేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు.

"ఉన్నావా?" అంది కిరలీ.
ఉన్నాను. రాశాను.
పన్నెండు ఇక్కడ తీసి అక్కడ వేశాను.
ఎవరి చేతికీ ఇవ్వలేదు,
రిజిస్టరు మీద పెట్టాను,
తీసుకుంది.

పదింటికి ఇంకో ఫోను. వస్తుందని తెలుసు.
మర్విన్ టోల్‌హర్స్ట్, డెబ్భై తొమ్మిదేళ్లు,
ఏటి మలుపులో లూసర్న్ గడ్డి పొలం.
"వదిలారా? పంపు వెయ్యొచ్చా?"
వెయ్యొచ్చు, ఎనిమిది వందల అరవై దాటదు, అన్నాను.
ఈ లెక్కలు రాకముందు ఎవడికి తోస్తే వాడు వదిలేవాడని
ఆయనే చెబుతాడు.
ఆవులు తొట్టిలో మూతి పెట్టి
తల ఎత్తి తనకేసి చూసేవట.
"ఇప్పుడు నయమే," అంటాడు, "అబద్ధమెందుకు."

కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.
"ఆ వెయ్యి ఉన్నాయే,
వాటిలో నదికి ఎన్ని?"

నా ముందు నాలుగు తెరలున్నాయి.
యజమానుల జాబితా కిందిదాకా జరిపాను,
తెలిసి కూడా.
గనుల పేర్లు, కరెంటు కేంద్రం పేరు.
"చూసి చెబుతాను," అన్నాను.
"చెప్పు," అని పెట్టేశాడు.

తెల్లవారి ఐదింటికి ఆ దిమ్మ వంతెన కిందికి వచ్చింది.
ఎనిమిది వందల యాభై ఎనిమిది.
కారు ఆపి దిగి రెయిలింగు పట్టుకుని చూశాను.
బురదరంగు, ఒక విరిగిన కొమ్మ, నురగ.
ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో
నా కంటికి ఆనలేదు.

మధ్యాహ్నం దాకా మర్విన్ పంపు వెయ్యలేదట.
అంకె బాగానే ఉంది కదా అన్నాను.
"అంకె బాగానే ఉంది," అన్నాడు,
"ఆవుల్ని అమ్మేశాను కదమ్మా,
ఇంక ఎవర్ని అడగను?"